సాక్ష్యం చెప్పాక బిళ్ల

మా ఆయన కంచంలో అన్నం వదిలేస్తుంటే అది నా వంట మీద విమర్శ అనుకున్నాను. నాది కల్లూరు, ఆయనది ఏన్కూరు. మధ్య దూరం పెద్దదేమీ కాదు. అయినా మా అత్తమ్మ లెక్కలో కల్లూరు వాళ్లమంతా సగం ఆంధ్రోళ్లం, మాకు కూరలో కారం వేయడం చేతకాదు. పెళ్లయిన నాటి నుంచి ఈ మాట పడుతున్నదాన్ని కాబట్టి, ఆ ఎండాకాలం ఆయన నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంటుంటే నాకు ఒళ్లు మండేది.

"ఏందయ్యా, డ్యూటీ కాడ క్యాంటీన్లో బజ్జీలు మెక్కొస్తున్నావా?" అని ఒకరోజు అడిగేశాను.

"లేదే టీచరమ్మా. నాలుగు బుక్కలకే కడుపు నిండిపోతంది. ఏమో మరి, గిట్ల ఎన్నడు గాలే" అన్నాడు.

నేను టేకులపల్లిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. ఆయన బొగ్గు ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు. ఓపెన్‌కాస్టంటే పైకి తెరిచి ఉన్న పెద్ద గొయ్యి, అందులో బావి అనదగ్గదేమీ లేదు. అయినా మా దగ్గర దాన్ని కూడా బాయి అనే అంటారు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. పొట్టలో ఎడమ పక్కన గట్టిగా ఏదో తగులుతోందని నాకు చెప్పడానికి ఆయనకు ఇంకో నెల పట్టింది.

కంపెనీ దవాఖానాలో డాక్టరు పక్కటెముకల కింద చెయ్యి పెట్టి నొక్కి, ప్లీహం బాగా పెరిగిందన్నాడు. రక్తం తీశారు. తెల్ల కణాలు వేలల్లో ఉండాల్సిన చోట లక్షలు దాటి ఉన్నాయి. ఆ డాక్టరు మంచివాడు. భయపెట్టే మాట ఒక్కటీ అనకుండా, ఆ సాయంత్రమే హైదరాబాద్ పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. వైద్యం కంపెనీయే చేయించింది. ఈ సంగతి ఎవరికి చెప్పినా నేను ముందు ఆ మాటే చెబుతాను. ఆ ఆసరా లేని ఇళ్లలో ఏం జరుగుతుందో మా బడి పిల్లల తల్లుల దగ్గర విన్నాను.

మేం బస్సు దిగి క్వార్టరు చేరేలోపే కాలనీ అంతా తెలిసిపోయింది, బ్లడ్ క్యాన్సరంట అని. పలకరించడానికి వచ్చినవాళ్లలో సగం మంది ఒకటే సలహా ఇచ్చారు, "అన్‌ఫిట్ పెట్టుకో" అని. జబ్బు వల్ల మనిషి పనికి సరిపోడని మెడికల్ బోర్డు తేలిస్తే, ఉద్యోగం ఇంట్లో పిల్లలకు వస్తుంది. బొగ్గు కాలనీల్లో పెళ్లి సంబంధాల కన్నా ఎక్కువగా మాట్లాడుకునేది ఈ అన్‌ఫిట్ గురించే. మా పాప అప్పటికి ఎనిమిదో తరగతి. "దానికి డంపర్ నేర్పమంటారా అన్నా?" అని ఒకాయన్ని మొహం మీదే అడిగాను. ఆయన టీ తాగకుండా వెళ్లిపోయాడు. ఆ రోజుల్లో నాకు ఎవరినో ఒకరిని కరవాలనిపించేది, ఆ రోజు దొరికింది ఆయన.

హైదరాబాద్‌లో డాక్టరమ్మది దాదాపు నా వయసే. ఎముకలోంచి మూలుగ తీయించింది. చేతి రక్తం కూడా తీయించి, అది జన్యు పరీక్షకు అంది. తెల్ల కణాలు పెరిగినంత మాత్రాన ఏ జబ్బో పేరు పెట్టలేమని, ఈ పరీక్ష వస్తేనే తేలుతుందని చెప్పింది. తర్వాతి వారం మళ్లీ వెళ్లినప్పుడు కాగితం మా ముందు పెట్టి, నేను టీచర్నని తెలిసి ఓపిగ్గా వివరించింది.

"మన కణాల్లో క్రోమోజోములు ఉంటాయి కదండీ. మీ వారి మూలుగలో ఎప్పుడో ఒక కణంలో తొమ్మిదోది, ఇరవై రెండోది కొసలు తెగి, ఒకదాని ముక్క ఇంకోదానికి అతుక్కుంది. ఆ అతుకు దగ్గర ఉండకూడని జన్యువు ఒకటి తయారైంది. తెల్ల కణాలను పుట్టించు, ఇంకా పుట్టించు అని అది చెబుతూనే ఉంటుంది. ఇది వాళ్ల అమ్మానాన్నల నుంచి వచ్చింది కాదు. మీ పాపకు పోయేదీ కాదు."

ఆ చివరి మాటకు నేను అక్కడే చేతులెత్తి దండం పెట్టాను. క్రోమోజోముల సంగతి మటుకు బస్సులో కూర్చున్నాక అర్థమైంది. ప్రతి జూన్‌లో బడికి పుస్తకాల కట్టలు వస్తాయి కదా, ఏటా వాటిలో ఒకటైనా తప్పుగా కుట్టిన పుస్తకం ఉంటుంది. సగం సాంఘికం, సగం సైన్సు. ఒకసారి మా క్లాసు పిల్ల ఒకతె లేచి నిలబడి గడగడా చదివేసింది, గోదావరి నది భద్రాచలం దాటి, పాపికొండల మధ్యగా ప్రవహించి, చిన్న ప్రేగులోకి ప్రవేశించును అని. క్లాసంతా పడి పడి నవ్వింది. మా ఆయన రక్తంలో అలాంటి వాక్యమొకటి పుట్టింది. నవ్వడానికి ఎవరూ లేక, చదివిన ప్రతి కణమూ దాన్ని నమ్మేసింది. పరీక్ష చేసే పని ఆ ఒక్క వాక్యాన్ని వెతికి పట్టుకుని, ఎన్ని చోట్ల ఉందో లెక్కపెట్టడం.

"మీ అదృష్టం ఏంటంటే, ఈ అతుకు దొరికింది. దాని నోరు నొక్కే బిళ్ల ఉంది. రోజూ వేసుకోవాలి" అంది డాక్టరమ్మ.

"ఎన్నాళ్లు మేడం?" అని అడిగాడు మా ఆయన.

"రోజూ అన్నాను కదండీ."

ఆయన కాసేపు ఆలోచించి, "షుగర్ బిళ్ల లెక్క" అన్నాడు. ఆమె నవ్వి, అలాగే అనుకోండి అంది. క్యాన్సర్ అన్న మాట విన్నాక మా ఇద్దరిలో ఎవరమైనా ఊపిరి పూర్తిగా పీల్చుకున్నది అప్పుడే.

బిళ్ల పరగడుపున వేసుకోకూడదు. కడుపు నిండా తిని, ఆ వెంటనే పెద్ద గ్లాసెడు నీళ్లతో మింగాలి, లేకపోతే వాంతి అవుతుంది. ఆయన షిఫ్టులు వారం వారం మారుతుంటాయి కాబట్టి, ఏ షిఫ్టయినా డ్యూటీలో తినే అన్నంతోనే వేసుకోవాలని అనుకున్నాం. రోజూ నేనే క్యారియర్ పై గిన్నెలో బిళ్లను కాగితంలో చుట్టి పెట్టేదాన్ని. దాంతోపాటు బాధలూ వచ్చాయి. పొద్దున లేస్తే కళ్లు ఉబ్బి, ఎవరో కొట్టినట్టు ఉండేవాడు. పిక్కలు పట్టేసేవి. డంపర్ బ్రేకు మీద కాలుండగా పట్టేస్తే ఎట్లా అని నాకు గుబులు. "అంత పెద్ద బండి, దాని బ్రేకు గూడ పెద్దదే తియ్" అని నవ్వేవాడు. అందులో ఓదార్పేముందో నాకు ఈరోజుకీ తెలియదు.

మూడు నెలలకోసారి హైదరాబాద్. చీకటుండగానే బస్సులో ఖమ్మం, అక్కడి నుంచి రైలు. ఊదారంగు మూత ఉన్న గొట్టంలో రక్తం పట్టే అమ్మాయితో ఆయన ప్రతిసారీ, "చూడు బిడ్డా, బొగ్గుపొడి గిట్ల వస్తదేమో" అనేవాడు, ఆ అమ్మాయి ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వేది. పరీక్ష ఎప్పుడూ అదే ల్యాబులో చేయించాలని, చోటు మారిస్తే అంకెలు పోల్చి చూడటం కష్టమని డాక్టరమ్మ చెప్పింది. మొదటి అంకె చూస్తే కళ్లు తిరిగాయి. మూడు నెలలకు నూటికి పది లోపుకు రావాలంది, వచ్చింది. ఇంకొన్నాళ్లకు నూటికి ఒకటి కన్నా దిగింది, ఆ తర్వాత వెయ్యికి ఒకటి కన్నా దిగింది. లోపల జరిగేది మనకు తెలియదు. ఆయన మొహం అదే, ఆయన నడక అదే. ఎక్కడో తెల్ల కోట్లు వేసుకుని గొట్టాల ముందు కూర్చున్న వాళ్లు, మా ఆయన ఎవరో తెలియని వాళ్లు, ఆ తప్పు వాక్యం ఇంకా ఎన్ని చోట్ల మిగిలిందో లెక్కపెట్టి పంపేవాళ్లు. వాళ్ల కోసం నేను పేర్లు తెలియకుండానే ప్రార్థన చేసేదాన్ని.

రెండో ఏడు చివర్లో ఒక కాగితం వచ్చింది. అంకె ఉండాల్సిన చోట అంకె లేదు. కనబడలేదు అని ఉంది.

"లేదని కాదండీ. మా పరీక్షకు అందనంత తక్కువ ఉందని" అని డాక్టరమ్మ వేలు పెట్టి మరీ చూపించింది. "బిళ్ల ఒక్కరోజు కూడా ఆపొద్దు." ఇద్దరం తలలూపాం. ఆయన తల నాకన్నా ఎక్కువగా ఊపాడు.

మా చర్చి సంఘంలో ఎవరికైనా మేలు జరిగితే ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పాలి. మా ఆయన ఏళ్ల తరబడి మగవాళ్ల చాపల మీద చివరి వరసలో కూర్చుని, ఒక్కసారి కూడా లేచింది లేదు. ఆ ఆదివారం లేచాడు. "నాకు బ్లడ్ క్యాన్సరని మీకందరికి ఎర్కే. మొన్న పరీక్ష చేస్తే నా రక్తంల ఏం లేదని వచ్చింది. దేవునికి స్తోత్రం" అని మూడే ముక్కలు చెప్పి కూలబడ్డాడు. మందిరం చప్పట్లతో దద్దరిల్లింది. మా అత్తమ్మ ఏన్కూరు నుంచి వచ్చి ఆడవాళ్ల వైపు ముందు వరసలో కూర్చుంది, ఆమె ఏడుపు ఆపడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. తర్వాతి వారం మా ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టాం. కల్లూరు నుంచి మా వాళ్లు, ఏన్కూరు నుంచి వాళ్ల వాళ్లు వచ్చారు. కూరలో కారం సరిపోయిందని అత్తమ్మ అందరి ముందూ ఒప్పుకుంది. అద్భుతమంటే అది.

ఆ తర్వాత రోజులు ఎంత బాగున్నాయో చెప్పలేను. ఆయన కళ్ల ఉబ్బు తగ్గింది. పిక్కలు పట్టేయడం పోయింది. మారు వడ్డించుకుని తింటున్నాడు. బిళ్ల ఒంటికి అలవాటు పడిందని, దేవుడు ఆ బాధ కూడా తీసేశాడని నేను మురిసిపోయాను.

మళ్లీ పరీక్షకు వెళ్లాం. కాగితాలు చూడటానికి వెళ్లిన రోజు డాక్టరమ్మ మామూలు రక్త పరీక్ష ముందు చూసి, అంతా బాగుందంది. తెల్ల కణాలు ఎంతుండాలో అంతే ఉన్నాయి. పొట్ట నొక్కి చూసి, ప్లీహం తగలట్లేదంది. తర్వాత రెండో కాగితం తీసి, పాత కాగితం పక్కన పెట్టి చూసింది.

"మళ్లీ కనబడిందండీ. కొద్దిగా కాదు, బాగానే పెరిగింది" అంది. "మామూలు పరీక్షలో తెలియడానికి ఇంకా చాలా టైమ్ పడుతుంది. ఇది ముందే పట్టుకుంది." ఆయన వైపు తిరిగి అడిగింది, "బిళ్లలు సరిగ్గా వేసుకుంటున్నారా?"

"అవ్ మేడం. రోజు."

"ఒక్కటి కూడా వదలకుండా?"

నాకు కోపం వచ్చింది. "రోజూ నేనే క్యారియర్లో పెట్టి పంపుతానండీ. ఆయన మర్చిపోయినా నేను మర్చిపోను" అన్నాను. ఆయన తేలు కుట్టిన దొంగలా కిందనున్న టైల్స్ చూస్తున్నాడు. భయపడ్డాడనుకున్నాను.

"అయితే ఇంకో కారణమే ఉంటుంది" అంది ఆమె నెమ్మదిగా. "ఆ జన్యువు రూపం మార్చుకుని ఉండొచ్చు. అప్పుడు ఈ బిళ్ల దాన్ని పట్టుకోలేదు. దానికీ ఒక పరీక్ష ఉంది, పంపుతాను. మారి ఉంటే ఇంతకన్నా బలమైన మందుకు వెళ్లాలి. కొన్ని మార్పులకు అవీ సరిగ్గా పని చేయవు. అప్పుడు మూలుగ మార్పిడి దాకా ఆలోచించాలి. ఆ రిజల్ట్ వచ్చేదాకా ఈ బిళ్లే వేసుకోండి."

రైల్లో ఖమ్మం దాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. ఎదురు సీట్లో వాళ్లు ఆయన్ని అదోలా చూశారు, నన్నేదో అన్నాడనుకుని. ఆయన టీ కొనిచ్చాడు, పల్లీలు కొనిచ్చాడు, నోరు మాత్రం విప్పలేదు. మహబూబాబాద్ దగ్గర నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నలుగురిలో చెయ్యి పట్టుకునే మనిషి కాదు ఆయన. ఎంత దిగులు పడుతున్నాడో అని నాకు ఇంకా ఏడుపొచ్చింది.

సంగతి తెలిసి మా అత్తమ్మ ఏన్కూరు నుంచి బట్టల సంచితో దిగింది. దిగినరోజు నుంచే ఒంటిపూట ఉపవాసం మొదలుపెట్టింది. ఆ వయసులో వద్దంటే వినే మనిషి కాదు. సంఘమంతా ప్రార్థన పెట్టారు. మా ఆయన పొద్దున అమ్మ ఉపవాసం చూసి డ్యూటీకి పోయేవాడు, వచ్చి అమ్మ ఉపవాసం చూసి పడుకునేవాడు.

ఇలా పది పన్నెండు రోజులు గడిచాయేమో. ఒక ఆదివారం పొద్దున, ఆయనకు డ్యూటీ లేదు, మందిరానికి తయారవుతున్నాం. మంచం మీంచి లేవబోయి, అమ్మా అని కాలు పట్టుకుని కూలబడ్డాడు. పిక్క పట్టేసింది. నేను పరిగెత్తి వెళ్లి కింద కూర్చుని, కాలు ఒళ్లో పెట్టుకుని నలుస్తూ ఆయన మొహంలోకి చూశాను. కళ్లు ఉబ్బి ఉన్నాయి. రెప్పలు పొంగి, కొట్టినట్టు, సరిగ్గా మొదటి ఏడాది ఉన్నట్టు.

నా చేతులు ఆగిపోయాయి.

"కళ్లు మళ్లీ ఉబ్బాయేంటి?" అన్నాను.

ఆయన కాలు వెనక్కి లాక్కోబోయాడు.

"ఇన్నాళ్లూ ఉబ్బలేదు. కాళ్లూ పట్టెయ్యలేదు. ఎందుకయ్యా?"

ఆయన కండువాతో మొహం కప్పుకున్నాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ మనిషి ఏడవడం నేను చూసింది అదే మొదలు.

"వేసుకోలే" అన్నాడు. "కూడిక అయినకాడి నుంచి వేసుకోలే. హైదరాబాద్ పోయొచ్చినంక మళ్ల వేసుకుంటున్న."

కూడిక అయిన మరుసటి వారమే జరిగిందట. క్యాంటీన్లో అన్నం తిని, అందరి ముందూ కాగితం విప్పి బిళ్ల చేతిలోకి తీసుకున్నాడు. పక్కన మా సంఘం మనిషే ఉన్నాడు, ఇద్దరూ ఒకే షిఫ్టు. అతను మంచివాడే, మా ఆయన కోసం ఉపవాసాలున్నవాడే. "అన్నా, ఏం లేదని సాక్ష్యం చెప్పినవ్ గదా, మళ్ల గిదేంది?" అన్నాడట. ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న ఇంకొకడు, వాడికి మందిరంతో సంబంధం లేదు, "అన్‌ఫిట్ కోసం డ్రామా నడుపుతున్నట్టున్నడు, నడపనియ్ తియ్" అన్నాడట. అందరూ నవ్వారు. బిళ్ల వేసుకుంటే ఒకరి దగ్గర సాక్ష్యం అబద్ధం, ఇంకొకరి దగ్గర జబ్బు అబద్ధం. నోట్లో నాలుక లేని మనిషి ఏం చెబుతాడు? బిళ్ల మళ్లీ కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి వేసుకుందామనుకున్నాడు, ఇంటికొచ్చాక అడిగితే నాకేం చెప్పాలో తెలియలేదు. మర్నాడూ అంతే, సెలవురోజు ఇంట్లో నేనిచ్చిందీ అంతే. నాలుగు రోజులకు కాళ్ల నొప్పులు పోయాయి, అన్నం సయించింది. నిజంగానే దేవుడు తీసేసిండేమో, నేనే నమ్మకం లేక మింగుతున్ననేమో అనిపించిందట.

"పారేసినావా అన్నీ?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"పారేయబుద్ది కాలే. డ్యూటీ బ్యాగుల ఉన్నయి."

అన్ని నెలల నా క్యారియర్ బిళ్లలు, ఒక్కొక్కటీ నేను చుట్టిన కాగితంలో నేను చుట్టినట్టే, బ్యాగు అడుగున ఉన్నాయి. వాటిని చూసి ఆయన్ని కొట్టాలనిపించింది. ఆ వెంటనే, అవే చూస్తూ, ఒళ్లంతా తేలికైంది. బిళ్ల ఓడిపోలేదు. అది అసలు కడుపులోకే పోలేదు. నాకు నవ్వు వచ్చింది, ఆపుకోలేనంత నవ్వు, కళ్ల నీళ్లతో కలిసి. పిచ్చిదాన్నయ్యాననుకుని మా పాప బయటి నుంచి పరిగెత్తుకొచ్చింది.

తలుపు దగ్గర అత్తమ్మ అంతా విని నిలబడి ఉంది. కొడుకు దగ్గరికి వచ్చి నెత్తి మీద ఒక్కటిచ్చింది.

"సాక్ష్యం జెప్పినంక అన్నం తింటలేవారా? నీళ్లు తాగుతలేవా? బిళ్ల గూడ గంతే. దేవుడు ఇచ్చిందే గదా అది. ఇచ్చినోని మొకం మీద ఇసిరిగొట్టినట్టు చేస్తివి." అని, నా వైపు తిరిగి, "నాకింత అన్నం పెట్టు బిడ్డా, ఈనికోసం కడుపు మాడ్సుకున్న" అంది. ఆ రోజు మందిరానికి మేమెవరం వెళ్లలేదు. సాయంత్రం మా పాస్టరు అయ్యగారే ఇంటికి వచ్చారు. మా ఆయన అయ్యగారికీ అంతా చెప్పాడు.

"బిళ్ల మానమని నేను ఏ ఆదివారం చెప్పిన అయ్యా?" అన్నారు అయ్యగారు, నొచ్చుకుని. "చెప్పలే. మానొద్దని గూడ చెప్పలే. చెప్పాల్సుండె." వచ్చే వారం ప్రసంగంలో తానే ఈ మాట అందరికీ చెబుతానన్నారు. మా ఆయన వద్దన్నాడు. "నేనే చెప్త అయ్యగారూ. జెర టైమియ్యండి."

సోమవారం పొద్దున డాక్టరమ్మకు ఫోన్ కూడా ఆయనే చేశాడు. నేను చేస్తానంటే ఇవ్వలేదు. బియ్యం డబ్బా మీద కూర్చుని, రెండు చేతులతో ఫోన్ పట్టుకుని చెప్పాడు. అవతల నుంచి కోపం నాకు వినబడేంత గట్టిగా వచ్చింది. మీరు చెప్పిన అబద్ధం మీద నేను మందు మార్చేదాన్ని కదండీ అంది. బిళ్ల ఆపడం అనేది లోకంలో లేకపోలేదని, కొందరికి చాలా ఏళ్ల తర్వాత, తమ కళ్ల ముందు, నెల నెలా ఇదే పరీక్ష చేస్తూ ఆపి చూస్తామని, ఆయనకు ఆ రోజు ఇంకా రాలేదని చెప్పింది. చివరికి గొంతు తగ్గించి, "ఇప్పుడైనా చెప్పారు. థాంక్సండీ" అంది. డాక్టరు రోగికి థాంక్స్ చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

కొన్ని రోజులకు రెండో పరీక్ష రిజల్ట్ వచ్చింది. జన్యువులో మార్పేమీ లేదు. పాత బిళ్లే సరిపోతుందంది. నేను బడిలో స్టాఫ్‌రూమ్‌లో ఉన్నాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే మోకాళ్ల మీద కూర్చున్నాను. లెక్కల టీచరు కళ్లు తిరిగాయనుకుని నీళ్లు తెచ్చింది. ఆ నీళ్లు తాగాను, ఎంత తియ్యగా ఉన్నాయో.

అప్పటి నుంచి మూడు నెలలు కళ్ల ఉబ్బుతో, పిక్కల నొప్పితో గడిచాయి. ఆయన కాళ్లు నలుస్తూ నేను ఒక్కరోజు కూడా విసుక్కోలేదు, విసుక్కోవడం నా స్వభావమే అయినా. ఉబ్బిన ఆ కళ్లు చూస్తేనే నాకు ధైర్యంగా ఉండేది. మళ్లీ పరీక్ష చేస్తే అంకె బాగా దిగింది. వెయ్యికి ఒకటి దగ్గరికి వచ్చింది, ఇంకా సున్నా కాదు. కనబడుతూనే ఉంది.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆయన లేచి నిలబడ్డాడు. సున్నా రానిదే ఎందుకు లేచాడా అని నేను కంగారు పడ్డాను. మా దగ్గర రోగం పోయినవాళ్లే లేస్తారు. రోగం ఉందని చెప్పడానికి ఎవరూ లేవరు. క్యాంటీన్లో అడిగిన ఆ తోటి పనివాడు రెండు వరసల ముందు కూర్చుని ఉన్నాడు.

"పోయినసారి ఏం లేదని చెప్పిన" అన్నాడు మా ఆయన. చేతులు కట్టుకున్నాడు, విప్పాడు. "ఉన్నది. కంటికి కనబడనంత ఉండె, గంతే. అది చెప్పకపోతిని. తర్వాత నలుగురిల బిళ్ల వేసుకోనీకి సిగ్గయి బంద్ వెట్టిన. అది మళ్ల పెరిగింది. తప్పు నాది, ఎవ్వరిది గాదు. ఇప్పుడు రోజు వేసుకుంటున్న, ఈ మద్యాన్నం గూడ వేసుకుంట. మొన్న పరీక్షల కొంచెం తగ్గింది."

అక్కడ ఆగాడు. ముందు వరసలవాళ్లు కూడా వెనక్కి తిరిగి చూస్తున్నారు.

"రోగం ఉన్నది. బిళ్ల ఉన్నది. నేను గూడ ఉన్న. దేవునికి స్తోత్రం."

చప్పట్లు లేవు. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. ముందుగా మా అత్తమ్మ, మందిరమంతా వినబడేలా, ఆమేన్ అంది. తర్వాత ఆ తోటి పనివాడు తల వంచుకునే ఆమేన్ అన్నాడు, ఆ తర్వాత ఒక్కొక్కరే. నేను తల మీద కొంగు సర్దుకుని, ఆయన ఉన్న వైపే చూస్తూ కూర్చున్నాను.